క్లాసిక్ 350 ముందు చక్రం 17 అంగుళాలకు మార్చాక మీటర్ సరిచేసిన పని

బండి: కేబుల్ మీటర్ ఉన్న పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. పాత హబ్‌కే 17 అంగుళాల రిమ్ము అల్లించి 110/70-17 టైరు ఎక్కించాం. కంపెనీ టైరు 90/90-19. సైజుల్ని బట్టి లెక్కేస్తే పాతదాని చుట్టుకొలత 2,025 మి.మీ., కొత్తది 1,840. కేబుల్‌ను తిప్పేది ముందు చక్రమే. అదే దూరానికి అది పది శాతం ఎక్కువ తిరుగుతోంది కాబట్టి మీటర్ కూడా పది శాతమే ఎక్కువ చూపాలి. కానీ ఫోన్ జీపీఎస్‌లో 60 ఉంటే ముల్లు 70 మీద ఉంది.

మొదటి పరీక్ష. ముల్లును నమ్మే ముందు కిలోమీటర్ల అంకెలు చూడాలి. అవి పళ్ళ చక్రాలతో నడుస్తాయి, చక్రం ఎన్ని చుట్లు తిరిగితే అంత లెక్క. ముల్లు అలా కాదు: తిరిగే అయస్కాంతం అల్యూమినియం గిన్నెను లాగుతుంటే సన్నటి స్ప్రింగు ఆపుతుంది. జీపీఎస్‌లో 10 కి.మీ. పోయేసరికి మీటర్లో 11 పడింది. అంటే పది శాతం చక్రానిది, మిగిలిన ఆరు శాతం మీటర్ తలది, అంటే ముల్లును కదిపే భాగానిది. ఐక్యరాజ్యసమితి 39వ నియంత్రణ ప్రకారం మీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. అందుకే కొత్త బండి మీటర్లు కూడా కాస్త ఎక్కువే చూపుతాయి. పరీక్షకు చెట్లూ ఫ్లైఓవర్లూ లేని తిన్నటి రోడ్డు కావాలి, ఒకే వేగంలో 20 సెకన్లు పోవాలి. హైదరాబాద్‌లో అయితే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సర్వీస్ రోడ్డు. ఓఆర్ఆర్ పైకి బైకులను రానివ్వరు.

వదిలేసిన దారులు. ముల్లు పీకి పది వెనక్కి పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. తప్పు శాతాల్లో ఉంది, మనం తీసేది స్థిరమైన పది. 60 దగ్గర కుదురుతుంది, అసలు వేగం 30 ఉంటే మాత్రం 25 చూపిస్తుంది. కిలోమీటర్ల లెక్క ఎలాగూ మారదు. ఇక కేబుల్ మధ్యలో చిన్న గేర్ పెట్టెలో 20 పళ్ళది 22 పళ్ళదాన్ని తిప్పితే నిష్పత్తి సరిపోతుంది. కానీ రెండే గేర్లుంటే తిరిగే దిశ మారి ముల్లు సున్నా కిందికి లాగుతుంది; మధ్యలో మూడో గేర్ తప్పనిసరి. పైగా ఇది చక్రం తప్పును మాత్రమే తీస్తుంది.

చేసింది. చుట్టుకొలత మి.మీ.లో పెట్టుకునే డిజిటల్ మీటర్, చక్రం మీది అయస్కాంతం దాటినప్పుడల్లా ఒక చుట్టు లెక్కపెట్టే సెన్సర్ బిగించాం. లెక్కలో వచ్చిన 1,840 నేరుగా పెట్టకూడదు, బరువు పడితే టైరు అణుగుతుంది. గాలి సరిచూసి, టైరు మీద, నేల మీద సుద్దతో గీత పెట్టి, మనిషి కూర్చున్న బండిని ఇంకొకరు మూడు చుట్లు నెట్టాలి. వచ్చింది 5,406, అంటే చుట్టుకు 1,802.

అయస్కాంతం 8 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం. డిస్కు బోల్టు తల మీద అతికించడం తేలికే, కానీ మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, బ్రేకు వేడి అక్కడే. అందుకే డిస్కుకు అవతలి వైపు హబ్ అంచున, గరుకు కాగితంతో రుద్ది, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురుతో అతికించి ఒక రోజు ఆరనిచ్చాం. సెన్సర్ ఫోర్కు కింది గొట్టానికి, అయస్కాంతానికీ దానికీ మధ్య ఖాళీ 3 మి.మీ. చక్రం నెమ్మదిగా తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాకే బిగించాలి.

కేబుల్‌ను తిప్పే పాత మీటర్ గేరును యాక్సిల్ నుంచి తీసేయకండి. దాని మందం పోతే చక్రం పక్కకు జరుగుతుంది. కేబుల్ మాత్రం తీసి, ఆ రంధ్రానికి రబ్బరు బిరడా కొడితే నీళ్ళు దిగవు. చక్రం తిరిగి ఎక్కించేటప్పుడు గేరు రెండు చెవులూ హబ్ గాడుల్లో కూర్చోవాలి. కూర్చోకుండా నట్టు బిగిస్తే చెవులు నలిగిపోతాయి.

మొదటి స్టార్టుకే నిలబడ్డ బండి 140 చూపించింది. సెన్సర్ వైరు స్పార్క్ ప్లగ్ వైరును ఆనుకుని వచ్చింది, అంతే. ట్యాంకు అవతలి వైపు నుంచి తిప్పి తెచ్చాక పోయింది. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా, ఫోర్కు మొత్తం సాగినా వైరు బిగుసుకోకుండా వదులు ఉంచాలి.

ఇప్పుడు. 1,802కు బదులు 1,820 పెట్టాం: అసలు 60కి 61, 80కి 81. టైరు 3 మి.మీ. అరిగితే చుట్టుకొలత 19 మి.మీ. తగ్గి మీటర్ ఇంకో ఒక్క శాతం ఎక్కువ చూపుతుంది, తక్కువ మాత్రం చూపదు. పాత మీటర్ చివరి అంకె, మార్చిన తేదీ సర్వీస్ పుస్తకంలో రాశాం, బండి కొనేవాళ్ళకు అది తెలియాలి. మిగిలిన పని: వర్షంలో సెన్సర్ జాయింటు పరీక్ష.