43 టేబుళ్లు, ఒక్క లూపు, ఎటు చూసినా గోనె సంచులు

ఒక ఎరువుల కొట్టు వాళ్ల పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నా చేతికొచ్చింది, మొత్తం 43 టేబుళ్లు. దాన్ని బ్రౌజర్‌లో చూపించాలంటే ఒక్కో టేబుల్‌కి జాబితా రూటు (ఏ యూఆర్ఎల్‌కి ఏ ఫంక్షన్ నడవాలో చెప్పేది) ఒకటి, ఒక్క రికార్డు చూపే రూటు ఒకటి, అంటే 86 సార్లు అదే కోడ్. అంత ఓపిక నాకెక్కడిది. పైథాన్‌లో వెబ్ యాప్‌లు రాసే ఫ్లాస్క్‌లో, డెకరేటర్ (ఫంక్షన్ పైన @ తో రాసే లైను) లేకుండా యాడ్ యూఆర్ఎల్ రూల్ అనే మెథడ్‌తో కూడా రూటు పెట్టుకోవచ్చు, డేటాబేస్‌తో మాట్లాడే పైథాన్ లైబ్రరీ ఎస్‌క్యూఎల్ఆల్కెమీలోని ఆటోమ్యాప్ టేబుళ్లను తనే చదివి ఒక్కోదానికి పైథాన్ క్లాసు తయారుచేస్తుంది, రెండూ కలిపి ఒక లూపు రాస్తే సాయంత్రానికి అయిపోతుందనుకున్నా.

మొదట యాప్ లేవనే లేదు. ఎండ్‌పాయింట్, అంటే ఫ్లాస్క్ రూటును గుర్తుపట్టే పేరు, మనం ఇవ్వకపోతే ఫ్లాస్క్ ఫంక్షన్ పేరునే వాడుకుంటుంది, నా లూపులో అన్నిటికీ అదే పేరు. టేబుల్ పేరు తగిలించాక లేచింది.

అసలు కథ ఇక్కడ మొదలైంది. బిల్లుల యూఆర్ఎల్ తెరిస్తే గోనె సంచుల లెక్క వచ్చింది. కస్టమర్లది తెరిచినా గోనె సంచులే! రెండు గంటలు బ్రౌజర్ క్యాష్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా, తప్పు మాత్రం నాదే. లూపులో పుట్టిన ఫంక్షన్ ఆ వేరియబుల్ విలువను అప్పుడే పట్టుకోదు, పిలిచినప్పుడు చూస్తుంది, అప్పటికి అందులో మిగిలింది చివరి టేబుల్. క్లాసును తీసుకుని వ్యూ ఫంక్షన్‌ను (యూఆర్ఎల్ తెరిస్తే నడిచేదాన్ని) తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ విడిగా రాస్తే సరిపోయింది.

ఆ తర్వాత లెక్కపెడితే 38 క్లాసులే ఉన్నాయి. రెండు టేబుళ్లు ఊరికే వేరే టేబుళ్లను లింకు చేయడం కోసం పెట్టినవి, వాటికి ఆటోమ్యాప్ క్లాసు చేయదు. మిగతా మూడింటికి ప్రైమరీ కీ (ఒక్కో రికార్డును విడిగా గుర్తించే కాలమ్) లేదు, అలాంటివాటిని చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. అందులో బాకీల పద్దు ఒకటి, కొట్టుకు ప్రాణమే అది! బిల్లు నంబరునే కీ అని ప్రకటిస్తూ దానికి చేత్తో క్లాసు రాశాను.

ఇంతలో లాగిన్ల టేబుల్ కూడా, పాస్‌వర్డ్ హ్యాష్‌లతో (పాస్‌వర్డ్‌లను మార్చి దాచిన రూపాలతో) సహా, బ్రౌజర్‌లో దర్శనమిచ్చింది. నా లూపు దానికీ శ్రద్ధగా రూటు పెట్టింది మరి. చివరికి బయటికి కనిపించాల్సిన 14 టేబుళ్ల పేర్లు చేత్తోనే రాసి లూపును వాటి మీదే తిప్పాను. ఉన్న రూట్లన్నీ చూపే ఫ్లాస్క్ రూట్స్ కమాండ్ కొడితే 28 రావాల్సింది 29 వచ్చాయి, మళ్లీ టెన్షన్. చూస్తే ఆ ఒక్కటీ ఫ్లాస్క్ తనకు తాను పెట్టుకునే స్టాటిక్ ఫైళ్ల (బొమ్మలు, సీఎస్ఎస్ లాంటివాటి) రూటు.