అన్నిటికీ రూము ఖాళీయే

ఆదివారం, బెంగళూరు మారతహళ్లి.

పీజీ మెట్ల దగ్గర కొత్త నోటీసు. రాత్రి పదిన్నర దాటి వస్తే రూము ఖాళీ చెయ్యాలి. బయటివాళ్లను పైకి తీసుకొస్తే ఖాళీ. గదిలో కరెంటు స్టవ్ పెడితే ఖాళీ. తిన్న ప్లేటు టేబుల్ మీద వదిలేసినా ఖాళీయేనట! ఓనరు అంకుల్‌ది నెల్లూరు. మనిషి మంచివాడే, ఆయన పెన్నుకే కోపం ఎక్కువ.

"డ్రకోనియన్ రూల్స్ అన్నా" అన్నాడు పక్కరూము తమ్ముడు, పూరీ తుంచుకుంటూ. మరీ కఠినమైన రూల్స్ అని. ఈ ఊళ్లో ఆ మాట మరీ చౌకైపోయింది. హెల్మెట్ లేదని ఫైన్ వేస్తే డ్రకోనియన్, ఆఫీసుకు రమ్మంటే డ్రకోనియన్. 2024 మార్చిలో నీళ్లకు కటకటలాడినప్పుడు, తాగునీటితో కారు కడిగితే 5000 రూపాయల జరిమానా అని జలమండలి అంటే దానికీ ఇదే పేరు పెట్టారు. నేనొప్పుకోను. జనం ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంటే కారు కడిగేవాడికి ఆ మాత్రం పడాల్సిందే.

ప్లేటు సంగతి మాత్రం అచ్చం డ్రాకో బాణీ. ఆ మాట వచ్చింది ఆయన పేరు మీదే. క్రీ.పూ. 621 ప్రాంతంలో గ్రీసులోని ఏథెన్సుకు చట్టాలు రాసిచ్చినవాడాయన. దాదాపు ప్రతి నేరానికీ మరణశిక్షే. కూరగాయలు దొంగిలించినవాడికీ, హంతకుడికీ ఒకటే గతి అని ప్లూటార్క్ అనే పాతకాలపు గ్రీకు రచయిత రాశాడు. ఎందుకయ్యా అలా అని డ్రాకోని అడిగితే, చిన్న తప్పులకు చావు సరిపోతుంది, పెద్దవాటికి అంతకు మించింది దొరకలేదు అన్నాడట. మరి ఎలాగూ చావే అని తెలిసిన దొంగ, తనను చూసినవాణ్ణి ప్రాణాలతో ఎందుకు వదులుతాడు? ప్లేటుకే రూము పోయేటట్టయితే స్టవ్ కూడా పెట్టేస్తే పోలా అన్నాడు తమ్ముడు. లెక్క వాడికి బాగానే ఎక్కింది.

అయినా డ్రాకోని పూర్తిగా తిట్టబుద్ధి కాదు. అంతకుముందు ఏథెన్సులో చట్టమంటే పెద్దింటివాళ్ల నోటిమాట. ఆయన రాతలో పెట్టాడు. మా పీజీలోనూ నిన్నటిదాకా అన్నీ నోటిమాటలే. అంకుల్ ఊరెళితే వంటమనిషిదే రాజ్యం, మనిషినిబట్టి గేటు టైము మారేది. గోడమీద ఉన్నదాన్నయితే వేలుపెట్టి చూపించి అడగొచ్చు.

క్రీ.పూ. 594లో ఏథెన్సు చట్టాలను తిరగరాసిన సోలోన్ కూడా డ్రాకో చట్టాలన్నీ కొట్టేసి హత్య చట్టాన్ని మాత్రం ఉంచాడు. కావాలని చంపడం వేరు, అనుకోకుండా ప్రాణం పోవడం వేరు అని అందులో విడదీసి ఉంది మరి.

అద్దె ఇచ్చేటప్పుడు అంకుల్‌ని ప్లేటు సంగతి ఒక్కటీ అడగాలి. మిగతావి ఉండనీ. గదిలో స్టవ్వంటే నాకూ భయమే.