లేపాక్షి కప్పు మీద అంధకాసురుడు

లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో గర్భగుడి ముందుండే అర్ధమండపంలో తలెత్తితే శివుని రూపాలు కనిపిస్తాయి. యోగదక్షిణామూర్తి, భిక్షాటనుడు, త్రిపురాంతకుడు, వాళ్ళతోపాటు అంధకాసుర సంహారం. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ అధికారులు విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి ఇది. ఎండలోంచి రాగానే బొమ్మ తెలియదు. కళ్ళు మసకకు అలవాటు పడేదాకా ఆగాలి.

అంధకుని బొమ్మ చూసి చెడు మీద మంచి గెలిచిందని చెప్పి ముందుకు పోతే సగమే చూసినట్టు. శివపురాణంలో అంధకుడు పరాయివాడు కాడు. పార్వతి ఆటగా శివుని కళ్ళు మూసినప్పుడు కమ్మిన చీకట్లో, చెమట నుంచి పుట్టిన బిడ్డ. హిరణ్యాక్షుని దగ్గర పెరిగి, తల్లి అని తెలియక పార్వతినే కోరాడు. అతని నెత్తురు చుక్క నేల మీద పడితే మరో అంధకుడు లేచేవాడు. కొట్టేకొద్దీ పెరిగే చెడు అది. కక్షలు చూసిన మన సీమలో ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. కొన్ని కథనాల్లో మాతృకలనే దేవతలు ఆ నెత్తురు నేల తాకకుండా తాగారు. శూలానికి గుచ్చుకుని ఎండిపోయిన అంధకుడు శివుణ్ణి స్తుతించాడు, శివుడు అతన్ని తన గణాల్లో చేర్చుకున్నాడు.

యజుర్వేదంలో రుద్రుణ్ణి స్తుతించే నమకం "నమస్తే రుద్ర మన్యవ ఉతోత ఇషవే నమః" అంటూ ముందు రుద్రుని కోపానికి, ఆ వెంటనే బాణానికి మొక్కుతుంది. రెండో మంత్రంలోనే "యా త ఇషుః శివతమా" అని ఆ బాణాన్నే మిక్కిలి మంగళకరమంటుంది. అంధకుణ్ణి గుచ్చిన శూలమే అతన్ని జారిపోకుండా పట్టుకుంది.

బాధను ముఖాల్లో వెతక్కండి. ఇక్కడి చిత్రకారులు సున్నపు గచ్చు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ నింపి నల్లగీతతో రూపం తేల్చారు. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగినవే, భావమంతా చేతుల్లో, నడుము వంపులో ఉంటుంది. నీరు కారి రంగు పెచ్చులూడినచోట ఊహతో అర్థం చెప్పొద్దు.

నాట్యమండపం కప్పు మీది మనునీతి చోళుని కథలో రాక్షసుడే లేడు. తమిళదేశంలోని తిరువారూరులో రాజకుమారుని రథం కింద పడి దూడ చచ్చిపోయింది. ఆవు వచ్చి న్యాయగంట మోగించింది. రాజు కొడుకుకూ అదే శిక్ష వేశాడు. శివుడు ఇద్దరినీ బతికించాడు. తమ కష్టానికి ఎవరో దుర్మార్గుడే కారణమని వెతికేవాళ్ళు దీని కింద ఇంకాసేపు నిలబడాలి. ఎవరూ చెడ్డవాళ్ళు కాకున్నా దూడ పోయింది. అయినా ఆవు అడిగింది, అడగడం తప్పని ఎవరూ అనలేదు.

లోపలికి పోయేటప్పుడు నాట్యమండపమే ముందొస్తుంది. అయినా అంధకుణ్ణి చూసి, తిరిగొచ్చేటప్పుడే దీని దగ్గర ఆగండి. నమకం మొదటి అనువాకం అక్కడే మెల్లగా చదువుకోవచ్చు. కర్పూరం మాత్రం బొమ్మల కింద వెలిగించకండి, మసి కప్పుకు పడుతుంది. ఫ్లాష్ కూడా వద్దు.