జిమ్నీకి పెద్ద టైర్లు: ఎంతవరకు వెళ్ళొచ్చు?

మారుతీ సుజుకీ వాళ్ళ చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి జిమ్నీ కొన్నవాళ్ళకి మొదటి సర్వీసు కూడా కాకముందే టైర్ల మీదికి మనసు పోతుంది. మా ఆఫీసులో ఒంగోలు కుర్రాడొకడు ఈమధ్యే తీసుకున్నాడు. బెంగళూరు మారతహళ్ళి ట్రాఫిక్‌లో పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, "అన్నా, 31 ఇంచులవి ఎక్కించేద్దామా? జేసీ రోడ్డులో దొరుకుతాయంట" అన్నాడు. వద్దురా అన్నాను. సిగ్నల్ పడేలోపు చెప్పే సంగతి కాదు కాబట్టి వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15. వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 15 ఇంచులు. అన్నీ కలిపితే టైరు ఎత్తు 693 మి.మీ. 215/75 ఆర్15 వేస్తే అది దాదాపు 703 అవుతుంది, 235/75 అయితే 733. మావాడు అడిగిన 31 ఇంచులది 787 దాకా పోతుంది. అంటే ఉన్నదానికంటే 13 శాతం పైనే పెద్దది.

అసలు పెద్ద టైరు ఎందుకు కావాలో ముందు తేల్చుకోవాలి. జిమ్నీకి ముందూ వెనకా నిండు యాక్సిళ్ళే, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు. యాక్సిల్ మధ్య ఉబ్బుగా ఉండే డిఫరెన్షియలే (రెండు చక్రాలకీ శక్తిని పంచే పళ్ళచక్రాల డబ్బా) బండి కింద అన్నిటికన్నా కిందికి ఉంటుంది. పొడుగు స్ప్రింగుల లిఫ్ట్ కిట్ వేస్తే బాడీ లేస్తుంది గానీ డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని నేల నుంచి పైకి లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగమే. 235 వేసినా దక్కేది 20 మి.మీ.

ఆ 20 మి.మీ. విలువ మదనపల్లె పక్కన మా తోట దారిలో నాకు బాగా తెలుస్తుంది. వానాకాలంలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు వైపులా లోతుగా గాళ్ళు పడతాయి, మధ్యలో మట్టి మిట్ట మిగులుతుంది. ఎండ కాసిందంటే ఆ మిట్ట సిమెంటులా బిగుస్తుంది. పాత టైర్లతో వెళ్ళినప్పుడు వెనక డిఫరెన్షియల్ ఆ మిట్టని గీసుకుంటూ పోయేది. దిగి వంగి చూస్తే మిట్ట మీద అరచేయంత వెడల్పున నున్నటి గీత, హౌసింగ్ అడుగున రంగు లేచి మెరిసే ఇనుము. ఇలాంటి దారుల్లో ఒక చక్రాన్ని గాడిలోంచి తప్పించి మిట్ట మీదికి ఎక్కించి నడిపితే సగం బాధ తీరుతుంది. మిగతా సగానికే టైరు.

ఇక పెద్ద టైరు వల్ల వచ్చే నష్టాలు. నేల పట్టు అంతే ఉన్నా, చక్రం ఎంత పెద్దదైతే యాక్సిల్ షాఫ్టు మీద మెలి అంత ఎక్కువ పడుతుంది. బిగుసుకుపోయిన నట్టుకి స్పానర్ చివర పైపు తొడిగి తిప్పినట్టే. మామూలు రోడ్డు మీద ఇదేమీ తెలియదు. సకలేశ్‌పుర ఎర్రమట్టిలో చక్రం గాల్లో గిర్రున తిరిగి, తిరుగుతూనే గట్టి రాయి మీద పడి టక్కున పట్టు దొరికితే, ఆ దెబ్బంతా షాఫ్టూ జాయింటూ పళ్ళచక్రాలే తినాలి. ఇరిగేది అప్పుడే. అందుకే స్టాక్ (కంపెనీ ఇచ్చిన) యాక్సిళ్ళున్న బండిలో చక్రం తిరుగుతూ ఉండగా యాక్సిలరేటర్ తొక్కి పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

గేరింగ్ కూడా దెబ్బతింటుంది. ఇంజను 1.5 లీటర్లది, 134 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం), అదీ 4,000 ఆర్‌పీఎం దగ్గర. కష్టమైన దారుల కోసం ఉండే లో రేంజ్ గేరు వేస్తే దక్కే బలం రెండింతలే. 235 వేస్తే గేర్లన్నీ దాదాపు 6 శాతం బరువెక్కుతాయి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఒక గేరు దించక తప్పదు. స్పీడోమీటర్‌లో ఒకే అంకె కనిపిస్తున్నా బండి మునుపటి కంటే 6 శాతం వేగంగా పోతుంటుంది. కిలోమీటర్లు తక్కువ పడతాయి కాబట్టి మైలేజీ లెక్క కూడా ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.

బరువు సంగతి ఎవరూ పట్టించుకోరు. షాపులో రెండు టైర్లనీ కాటా మీద పెట్టించాను. 235 ఆల్ టెర్రైన్ (తారు రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే) టైరు మా పాతదానికంటే మూడు కేజీల పైచిలుకు ఎక్కువ తూగింది. ఆ బరువు స్ప్రింగుల కింద ఉంటుంది. బ్రేకులు దాన్ని ఆపాలి, ముందు చక్రాలు పక్కలకి తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగులు దాన్ని మోయాలి. ముందు నిండు యాక్సిల్ ఉన్న బండ్లకి స్టీరింగు వణుకు రోగం ఎలాగూ పొంచి ఉంటుంది. బేరింగు కాస్త అరిగినా, బ్యాలెన్సింగ్ కాస్త తప్పినా, బరువైన టైరు ఆ రోగాన్ని నిద్రలేపుతుంది.

వీటన్నిటినీ చూసుకుని నేను 215/75 ఆల్ టెర్రైన్ దగ్గర ఆగాను. డిఫరెన్షియల్ నేల నుంచి లేచేది 5 మి.మీ. మాత్రమే, ఒప్పుకుంటాను. అసలు తేడా తెచ్చింది టైరు మీది గాట్ల లోతు, గట్టి పక్కగోడ, గాలి. కంపెనీ రిమ్ము 5.5 ఇంచుల వెడల్పు, దానికి 215 సరిగ్గా కూర్చుంటుంది. 235కి 6 ఇంచుల రిమ్మయినా ఉండాలి. బురదలోకి దిగే ముందు గాలి 18 పీఎస్ఐకి దించితే టైరు పొడుగ్గా నేలకి పరుచుకుంటుంది, ఆ పట్టు పెద్ద సైజు కూడా ఇవ్వదు. కాకపోతే తారు రోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపుకోవాలి, చిన్న కంప్రెసర్ బండిలో ఉండాల్సిందే.

నెలకోసారి రాళ్ళలోకి వెళ్ళేవాళ్ళు 235 వేసుకుంటే నేను కాదనను. నా లెక్కలో స్టాక్ యాక్సిళ్ళకి అదే ఆఖరి గీత. వేసేముందు ఒక చక్రాన్ని ఎత్తుమీద పెట్టి, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి, టార్చి వేసి చూడండి. ముందు బంపర్ అంచూ, లోపల యాక్సిల్‌ని పట్టి ఉంచే రేడియస్ ఆర్మూ తగిలే చోట్లు. వాటిని తప్పించడానికి రిమ్మును మరీ బయటికి తెచ్చే ఆఫ్‌సెట్ తీసుకుంటే మళ్ళీ బేరింగుల మీదే భారం.

చట్టం కూడా ఉంది. ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఇన్సూరెన్స్ వాళ్ళకి సైజు రాసి మెయిల్ పెట్టి, జవాబు దాచుకున్నాకే నేను డబ్బు కట్టాను.

మావాడు చివరికి 215కే ఒప్పుకున్నాడు. కానీ "నాలుగు చాలు కదన్నా, స్టెప్నీ పాతదే ఉండనీ" అన్నాడు. అక్కడ మాత్రం రాజీ లేదు. ముందు, వెనక యాక్సిళ్ళు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ ఈ బండికి లేదు. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందూ వెనకా ఒకే వేగంతో తిరగాలి, ఒక చక్రం చిన్నదైతే లోపల గేర్లు మెలితిరుగుతాయి. అయిదూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి తీసుకోమన్నాను. పక్కగోడ మీద నాలుగంకెల తారీఖు కూడా చూసుకోమన్నాను. 1824 అని ఉంటే 2024లో 18వ వారం తయారైందని. శనివారం పొద్దున్నే వెళ్తున్నాం.