నడుం దగ్గరి చెయ్యి

స్కూల్లో ఆరేళ్లు షోటోకాన్ కరాటే చేసి బ్రౌన్ బెల్ట్ దాకా వచ్చి, ఆ తర్వాత జూడోకి మారిపోయానని మన బ్యాచ్‌లో చాలామందికి తెలియదు. తెలిసిన ఇద్దరు ముగ్గురూ "కరాటే మాస్టారు వింటే బాధపడరూ?" అన్నారు. కరాటే మీద విసుగొచ్చి మారలేదండీ, ఉద్యోగం నుంచి వచ్చే టైముకి దగ్గర్లో దొరికింది జూడో క్లాసే.

మళ్లీ తెల్ల బెల్ట్. మొదటి నెలంతా పడటమే నేర్పారు. గడ్డం గుండెకి ఆనించాలి, వీపు నేలకి తగిలే క్షణంలోనే చేత్తో మ్యాట్‌ని గట్టిగా చరచాలి, లేదంటే తల వెళ్లి కొట్టుకుంటుంది. ఆరేళ్లు పడకుండా నిలబడటం నేర్చుకున్నవాడికి ఇది ఎంత నామోషీగా ఉంటుందో చెప్పలేను. ఆపైన మన కరాటేలోని 'జెన్‌కుత్సు దాచి' భంగిమ, అదే ముందు మోకాలు వంచి ఎక్కువ బరువు దానిమీదే వేసి నిలబడతామే, అది ఒంట్లోంచి పోదు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, ఆరెంజ్ బెల్ట్, ఆ బరువున్న కాలినే బయటి నుంచి తన కాలితో కొట్టి 'ఒసోతో గారి' అనే పట్టుతో వెల్లకిలా పడేశాడు. ఒకసారి కాదు, ఆ సాయంత్రం లెక్కపెట్టడం మానేసేదాకా.

ఒక్క విషయంలో మాత్రం మనసు కాస్త కుదుటపడింది. అసలు ఈ బెల్టులు జూడోవేనట! 1882లో కొడోకాన్ అనే స్కూలు పెట్టి జూడోని మొదలుపెట్టిన కానో జిగోరో దగ్గరివి. జపాన్‌లోని ఒకినావా దీవి నుంచి వచ్చిన కరాటే గురువు ఫునాకోషి గిచిన్ 1922లో కానో పిలిస్తే కొడోకాన్‌కి వెళ్లి కరాటే చూపించారు, ఆ తర్వాతే ఆ తెల్ల బట్టలూ బెల్టులూ కరాటేలోకి వచ్చాయి. అంటే ఆరేళ్లూ నడుముకి జూడో కట్టుకునే తిరిగానన్నమాట.

ఇక అసలు సంగతి. సాయంత్రం ఆఖరి బెల్లు కొట్టాక హాల్లో ఇచి, ని, సాన్ అని జపనీస్‌లో ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ వంద పంచ్‌లు కొట్టించేవారు గుర్తుందా? ఒక చెయ్యి ముందుకి పోతే రెండోది నడుముకి రావాలి, దాన్నే హికితే అంటారు. నాది ఎప్పుడూ పక్కకి జారేది, మాస్టారు వెనకనుంచి వచ్చి నా మోచేతి మీద వేలితో తట్టి పోయేవారు. ఆ లాగడం కొట్టే చేతికి బలం కోసమే అనుకునేవాణ్ణి. జూడోలో మూడో నెలలో కోచ్ ఎదుటివాడి స్లీవ్ పట్టుకున్న చేతిని చూపించి "ఇది హికితే, దీంతో లాగు" అన్నాడు. అదే మాట! ఆ ఆరెంజ్ బెల్ట్ కుర్రాడి స్లీవ్‌ని పాత అలవాటు కొద్దీ నడుముకి గుంజాను, వాడు మునివేళ్ల మీదకి వచ్చేశాడు. తర్వాత కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఇద్దరం కలిసి పడ్డాం, అది వేరే సంగతి.

కిందటి కలయికలో మాస్టారికి ఇదంతా చెప్పాను. బాధా లేదు, ఏమీ లేదు. "ఏదీ, పట్టుకో" అని చొక్కా చెయ్యి ముందుకి చాపారు. పట్టుకుని లాగాను. మనిషి కదల్లేదు. నా మోచేతి మీద వేలితో తట్టి "ఇంకా బయటికే పోతోందిరా" అన్నారు.