తుగేలా నది వెంట క్వాజులు-నటాల్

డర్బన్ వెళ్లినవాళ్లు చాలామంది బీచ్ చూసి, గాంధీగారిని రైల్లోంచి దింపేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో ఫొటో దిగి వచ్చేస్తారు. మేం తుగేలా నది పట్టుకుని పైనుంచి కిందికి వచ్చాం. దక్షిణాఫ్రికాలోని ఈ ప్రావిన్సు అర్థం కావాలంటే అదే మంచి దారి అని నా అభిప్రాయం.

నది పుట్టేది డ్రాకెన్స్‌బర్గ్ కొండల్లో. నిట్టనిలువు నల్లరాతి గోడ మీంచి అంచెలంచెలుగా 900 మీటర్లకు పైగా కిందికి దూకుతుంది. మేం వెళ్లింది ఆగస్టులో, అక్కడ వానల్లేని కాలం. జలపాతం దారప్పోగులా ఉంది, నిజం చెప్పాలంటే కాస్త ఉసూరుమనిపించింది. ఈ నది నీళ్లలో కొంత కొండ అవతలికి ఎత్తిపోసి, వాల్ నది మీదుగా జొహానెస్‌బర్గ్ ప్రాంతానికి పంపుతారు.

ఒకప్పుడు ఈ నదే సరిహద్దు. దక్షిణాన బ్రిటిష్ వాళ్ల నటాల్, ఉత్తరాన జులూ రాజ్యం. 1878 డిసెంబరు 11న నది ఒడ్డునే, సైన్యాన్ని రద్దు చేయమని రాజు సెటెవాయోకి అల్టిమేటం ఇచ్చారు. ఒప్పుకోడని తెలిసే ఇచ్చారు. మరుసటి నెల 22న ఇసాండ్ల్వానా కొండ దగ్గర, బ్రిటిష్ సేనాపతి చెల్మ్స్‌ఫర్డ్ సగం సైన్యంతో బయటికి వెళ్లిన సమయంలో, సుమారు 20 వేల మంది జులూలు శిబిరం మీద పడ్డారు. బ్రిటిష్ పక్షాన 1,300 మందికి పైగా చనిపోయారు. ఎండుగడ్డి మధ్య సున్నం కొట్టిన రాళ్ల కుప్పలున్నాయి. వాళ్లని పాతిపెట్టింది వాటి కిందే. జులూ వీరులకి మాత్రం 1999 దాకా స్మారకమే లేదు. ఇప్పుడున్నది శౌర్యానికి ఇచ్చే హారం ఆకారంలో చేసిన పెద్ద కంచు శిల్పం. ఆ గెలుపూ నిలవలేదు. అదే ఏడాది జులై 4న రాజధాని ఉలుండిలో జులూ రాజ్యం కూలింది.

సముద్రం దగ్గరికొచ్చేసరికి అంతా చెరుకే. ఈ తోటల కోసమే 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి కూలీల ఓడ డర్బన్ చేరింది. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. షాపుల బోర్డుల మీద నాయుడు ఇంటిపేరు ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక కొట్టు పెద్దాయన మాతో మాట్లాడిందంతా ఇంగ్లిషులోనే. తెలుగు ఏమైనా వచ్చా అంటే నవ్వి, రెండు భజనలు పూర్తిగా పాడారు.