ట్యాబ్ నొక్కితే 115 పేర్లు

నాన్నగారి కథలు పుస్తకంగా వేద్దామని కూర్చున్నాను. మొత్తం 23 కథలు. పేజీలు జీలేటెక్‌లో, అంటే టెక్స్ ఫైలుని పీడీఎఫ్‌గా పేర్చే ప్రోగ్రాంలో, చేస్తున్నాను కాబట్టి కథకో టెక్స్ ఫైలు. ఒక్కసారి కంపైల్ చేస్తే చాలు, దాని పక్కనే ఆక్స్, లాగ్, అవుట్, పీడీఎఫ్ అని నాలుగు పుట్టుకొస్తాయి. అంటే కథకి ఐదు. నేను కమాండ్లు కొట్టేది బాష్ అనే ప్రోగ్రాంలో; ట్యాబ్ నొక్కితే ఫైలు పేరు అదే పూర్తి చేస్తుంది, లేదా సరిపోయే పేర్లన్నీ చూపిస్తుంది. ఏదో ఒక కథ దిద్దుదామని ఎడిటర్ పేరు కొట్టి, ఫైలు పేరు రావాల్సిన చోట ట్యాబ్ రెండుసార్లు నొక్కితే, 115 పేర్లున్నాయి, అన్నీ చూపించమంటావా అని అడుగుతుంది. పేర్లు వందకి చేరితే అలా అడగడం దాని అలవాటు. రోజంతా ఇదే ప్రశ్న. ఓ ఆదివారం ఇక దీని సంగతి తేల్చాలనుకున్నాను.

మొదటి గొడవ అక్షరాలతో. సగం కథలు తమ్ముడు టైప్ చేసి పంపాడు. వాడి ఫైలు పేర్లు పెద్దక్షరంతో మొదలవుతాయి, మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది. నాది చిన్నక్షరం, హైఫన్. ఒకరి పద్ధతిలో కొడితే ఇంకొకరి ఫైళ్లు ట్యాబ్‌కి దొరకవు. దీనికి రెండు లైన్లు చాలు: ‘సెట్ కంప్లీషన్-ఇగ్నోర్-కేస్ ఆన్’, ‘సెట్ కంప్లీషన్-మ్యాప్-కేస్ ఆన్’. రెండోది హైఫన్‌నీ అండర్‌స్కోర్‌నీ ఒకేలా చూస్తుంది, కానీ మొదటిది ఆన్‌లో ఉంటేనే. వాటిని తీసుకెళ్లి, బాష్ మొదలైనప్పుడల్లా చదువుకునే బాష్‌ఆర్‌సీ అనే ఫైల్లో పెట్టాను. ఏమీ మారలేదు. ఎర్రర్ కూడా రాలేదు, అదే నన్ను ముంచింది. బాష్‌కి ‘సెట్’ అనే సొంత కమాండ్ ఒకటుంది, దాని పని వేరు. నా లైన్లని అది తన పద్ధతిలో అర్థం చేసుకుని ఊరుకుంది. అసలు ట్యాబ్ వ్యవహారం చూసేది రీడ్‌లైన్ అనే లైబ్రరీ. దాని సెట్టింగులు హోం ఫోల్డర్‌లో డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ అనే ఫైల్లో ఉండాలి. అక్కడికి మార్చి, కంట్రోల్ ఎక్స్, వెంటనే కంట్రోల్ ఆర్ నొక్కాను. టెర్మినల్ మూసి తెరవకుండానే పని జరిగింది.

తర్వాత చెత్త ఫైళ్లు. వీటికి మాత్రం బాష్‌ఆర్‌సీనే. ఫిగ్నోర్ అనే వేరియబుల్‌లో డాట్ ఆక్స్, డాట్ లాగ్, డాట్ అవుట్ అని మధ్యలో కోలన్లతో రాశాను. పీడీఎఫ్ జోలికి పోలేదు, చూసుకోడానికి కావాలి కదా. 115 కాస్తా 46 అయ్యాయి. ప్రాణం హాయిగా ఉంది.

ఆ హాయి సాయంత్రం దాకానే. ఒక ఆక్స్ ఫైలు పాడై కంపైల్ ఆగిపోయింది. తీసేద్దామని ఆర్‌ఎమ్ కొట్టి, ఫైలు పేరు డాట్ ఏ దాకా టైప్ చేసి ట్యాబ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. దాచమన్నది నేనే, దాచేసింది. మిగిలిన ఒకే ఒక్క పేరు అదే అయినా చూపించదట. ‘షాప్ట్ మైనస్ యూ ఫోర్స్ అండర్‌స్కోర్ ఫిగ్నోర్’ అని ఆ పట్టుదల మాన్పించాక, వేరే దారి లేనప్పుడు మాత్రం దాచిన పేరు ఇస్తోంది. నా పనికి ఇది సరిగ్గా సరిపోయింది.

కంపైల్ చేసేటప్పుడు మాత్రం పీడీఎఫ్‌లు కూడా కనిపించకూడదు, టెక్స్ ఫైళ్లు చాలు. ట్యాబ్ ఏ పేర్లు చూపాలో చెప్పే కంప్లీట్ కమాండ్‌కి మైనస్ ఎఫ్, మైనస్ పెద్ద ఎక్స్ ఇచ్చి, టెక్స్ కానివన్నీ తీసెయ్యమని ఆశ్చర్యార్థకం, స్టార్, డాట్ టెక్స్ అనే ప్యాటర్న్‌ని డబుల్ కోట్స్‌లో పెట్టి ఎంటర్ కొట్టాను. బాష్ నేను కొట్టని లైన్ ఒకటి చూపించింది: నా ప్యాటర్న్ ఉండాల్సిన చోట ‘ఉత్తరాలు డాట్ టెక్స్’ ఉంది! అంతకుముందే, కొత్తగా పెట్టుకున్న ఉత్తరాలు అనే ఫోల్డర్‌లో ఏమున్నాయో ఎల్‌ఎస్‌తో చూశాను. ఆశ్చర్యార్థకం పక్కన స్టార్ అంటే బాష్ లెక్కలో ‘కిందటి కమాండ్‌కి ఇచ్చిన మాటలన్నీ’ అని. డబుల్ కోట్స్ దాన్ని ఆపవు. సింగిల్ కోట్స్ పెట్టాక కుదిరింది.

కుదిరింది కానీ ఈసారి ఉత్తరాలు ఫోల్డరే మాయం. ఫోల్డర్ పేరు చివర డాట్ టెక్స్ ఉండదు కదా, అదీ వడపోతలో పోయింది. మైనస్ ఓ ప్లస్‌డిర్స్ అని చేరిస్తే ఫోల్డర్లు తిరిగొచ్చాయి. ఈ లైన్ కూడా బాష్‌ఆర్‌సీలో వేసేశాను, లేకపోతే కొత్త టెర్మినల్ తెరిచినప్పుడల్లా మొదటికొస్తుంది.

ఇంకొక్కటి మిగిలింది. ఇంగ్లిష్ అక్షరాల్లో కథ అని రాయాలంటే నేను టీ హెచ్ వాడతాను, తమ్ముడు డీ హెచ్. రీడ్‌లైన్‌లో దీనికి సెట్టింగు లేదు. నీ ఫైళ్ల పేర్లు మార్చరా అని ఫోన్ చేస్తే, “నీవే మార్చుకో అన్నయ్యా, నాన్న కూడా డీ హెచ్చే రాసేవారు” అన్నాడు.